ఆ బంతి మీద సంతకానికి అంత ధర ఎందుకు

అమెరికాలో ఎవరో తాతగారి పాత పెట్టె తెరిస్తే ఒక బేస్‌బాల్ బంతి బయటపడింది అనుకుందాం. తోలు కాస్త పసుపు తిరిగింది. రెండు వరసల కుట్లు బాగా దగ్గరకొచ్చే చోట, నీలి సిరాతో, గుండ్రటి అక్షరాలతో బేబ్ రూత్ అని సంతకం ఉంది. బేస్‌బాల్ చరిత్రలో అంతకంటే పెద్ద పేరు లేదు. ఆ సంతకమున్న బంతులు వేల డాలర్ల నుంచి లక్షల డాలర్ల దాకా పలుకుతాయి. ఇంటిల్లిపాదికీ గుండె ఝల్లుమంటుంది. వాళ్ళు బంతిని ఇటు తిప్పుతారు. అక్కడ ‘నేషనల్ లీగ్ అధికారిక బంతి’ అని ఫ్యాక్టరీ ముద్ర, దాని పక్కన లీగ్ అధ్యక్షుడి పేరు అచ్చు వేసి ఉంటుంది: వారెన్ గైల్స్.

కథ అక్కడితో ముగిసింది. బేస్‌బాల్‌లోని రెండు ప్రధాన లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్‌కు గైల్స్ అధ్యక్షుడైంది 1951లో. రూత్ 1948 ఆగస్టు 16న కన్నుమూశాడు. తను చనిపోయిన మూడేళ్ళకు తయారైన బంతి మీద ఎవరూ సంతకం చేయలేరు. అక్షరాలు ఎంత ముచ్చటగా ఉన్నా, పెట్టె ఎంత పాతదైనా, ఆ బంతి విలువ సున్నా.

సంతకం చేసిన బంతి ధర ఎలా తేలుతుందో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు. బయటి నుంచి చూసేవాళ్ళకు ఇదంతా పేరు మీద నడిచే బేరం అనిపిస్తుంది. ఎంత పెద్ద ఆటగాడైతే అంత ధర అనుకుంటారు. కానీ ఏళ్ళ తరబడి వీటిని కూడబెట్టేవాళ్ళు ముందు చూసేది పేరు కాదు. వాళ్ళకు కావలసింది సాక్ష్యం. బంతి, సిరా, చేతిరాత అనే ముగ్గురు సాక్షులూ ఒకే కాలం గురించి, ఒకే మనిషి గురించి చెబుతున్నారా అని చూస్తారు. ముగ్గురి మాటా కలిశాకే పేరు లెక్కలోకి వస్తుంది.

మొదటి సాక్షి బంతి. కార్క్, రబ్బరుతో చేసిన గుండె చుట్టూ ఉన్ని దారం బిగించి చుట్టి, పైన ఎనిమిది అంకె ఆకారంలో కోసిన రెండు తోలు ముక్కలు కప్పి, 108 జోడు కుట్లు వేసి దాన్ని తయారు చేస్తారు. చుట్టుకొలత 9 నుంచి 9.25 అంగుళాలు. చూడటానికి వందేళ్ళుగా మారనట్టే ఉంటుంది గానీ, చేతిలోకి తీసుకుంటే ప్రతి కాలానికీ ఒక గుర్తు కనబడుతుంది. నేషనల్ లీగ్ బంతి మీద జాన్ హేడ్లర్ పేరుంటే అది 1918కీ 1934కీ మధ్యది. ఫోర్డ్ ఫ్రిక్ అయితే 1934 నుంచి 1951. తరవాత గైల్స్ 1969 దాకా, ఆ తరవాత చబ్ ఫీనీ 1970 నుంచి 1986 దాకా. అమెరికన్ లీగ్ బంతుల మీద బాన్ జాన్సన్, బార్నార్డ్, విలియం హారిడ్జ్, జో క్రోనిన్, లీ మెక్‌ఫెయిల్, బాబీ బ్రౌన్ వరసగా వస్తారు. 2000 నుంచి రెండు లీగులకూ ఒకటే బంతి, దాని మీద కమిషనర్ పేరు. ఈ వరస సేకర్తలకు కంఠతా వచ్చు. మన పెద్దవాళ్ళు ప్రభవ, విభవ అని సంవత్సరాల పేర్లు గడగడా చెప్పినట్టు వాళ్ళు ఈ పేర్లు చెబుతారు.

ఇంకా లోతుకు వెళ్తే దారాలు చెబుతాయి. 1934కు ముందు అమెరికన్ లీగ్ బంతి కుట్లలో ఎరుపుతో పాటు నీలం దారం ఉండేది, నేషనల్ లీగ్ బంతిలో ఎరుపుతో పాటు నలుపు. తరవాతే అంతా ఎరుపైంది. తోలు కూడా చెబుతుంది. 1973 దాకా గుర్రం తోలు వాడారు, 1974 నుంచి ఆవు తోలు. 1977 నుంచి ప్రధాన లీగులకు బంతులు చేసేది రాలింగ్స్ కంపెనీ. కాబట్టి రాలింగ్స్ ముద్రతో ఉన్న అధికారిక లీగ్ బంతి మీద రోబెర్టో క్లెమెంటే సంతకం ఎవరైనా చూపిస్తే రెండో మాట అక్కర్లేదు. నికరాగ్వా భూకంప బాధితులకు సామగ్రి తీసుకెళ్తూ విమానం కూలి క్లెమెంటే 1972 డిసెంబరు 31న చనిపోయాడు.

క్లెమెంటే ఉదాహరణ దగ్గర కాస్త ఆగాలి. ఫీనీ పేరున్న బంతి 1970లో మొదలైంది, క్లెమెంటే 1972 చివర్లో పోయాడు. అంటే ఫీనీ బంతి మీద అతని అసలు సంతకం పడటానికి మూడేళ్ళే వ్యవధి. అతని 3,000వ హిట్ (బంతిని కొట్టి బేస్ చేరడం) వచ్చింది కూడా ఆ మూడేళ్ళలోనే, 1972 సెప్టెంబరు 30న. అలాంటి బంతి దొరికితే అది ఒక ఆటగాడి చివరి రోజులను చేతిలో పట్టుకున్నట్టే. ఫ్యాక్టరీలో వేసిన ఒక చిన్న ముద్ర ఆ సంతకానికి అంత బరువు తెచ్చిపెడుతుంది.

ముద్ర ‘ఈ ఏడుకు ముందు కాదు’ అని మాత్రమే చెప్పగలదు, ‘ఈ ఏడు తరవాత కాదు’ అని చెప్పలేదు. 1940లో చేసిన ఖాళీ బంతి మీద నిన్న సాయంత్రం కూడా రాయవచ్చు. దొంగ సంతకాలు చేసేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే సంతకమే లేని పాత లీగ్ బంతులకు కూడా మార్కెట్లో మంచి ధర ఉంది. వాటిని కొనేవాళ్ళంతా చరిత్ర మీద ప్రేమతోనే కొంటున్నారని అనుకోలేం. కనుక బంతి ఒక్కటే నిజం చెబితే సరిపోదు, రెండో సాక్షిని పిలవాలి.

ఆ రెండో సాక్షి సిరా. రూత్ ఆడిన రోజుల్లో చేతిలో ఉండేది ఫౌంటెన్ పెన్ను. అమెరికాలో బాల్‌పెన్నులు దుకాణంలో అమ్మకానికి వచ్చింది 1945 అక్టోబరు చివర్లో, న్యూయార్క్‌లోని గింబెల్స్‌లో, ఒక్కోటి 12.50 డాలర్లకు. అంటే బాల్‌పెన్ను రూత్ సంతకం అనేది ఏదైనా ఉంటే అది అతని చివరి మూడేళ్ళలోదే కావాలి. షార్పీ మార్కర్ 1964లో వచ్చింది. మార్కర్‌తో రాసిన రూత్ సంతకం గురించి చర్చే అనవసరం.

సిరాను చదవడంలో తేదీల కంటే సున్నితమైన విద్య ఇంకొకటి ఉంది. కొత్త తోలు మీద పడిన ఫౌంటెన్ పెన్ను సిరా తోలుతో పాటే ముసలిదవుతుంది. తోలు ఎండి సన్నటి పగుళ్ళు వచ్చినప్పుడు ఆ గీత కూడా పగులుతుంది. అదే, అప్పటికే ఎండి పగిలిన తోలు మీద కొత్తగా రాస్తే సిరా పగుళ్ళలోకి పాకుతుంది, గీత అంచులకు సన్నటి నూగు వస్తుంది. భూతద్దం కింద ఈ రెంటికీ తేడా తెలుస్తుంది. పాత గోడకు కొత్త సున్నం వేసినప్పుడు ఇంటివాళ్ళకు ఇట్టే తెలిసిపోయినట్టు, అలవాటైన కంటికి అది దొరికిపోతుంది.

ఇప్పటి సంతకాల విషయంలో సేకర్తలు దాదాపు ఏకగ్రీవంగా కోరేది నీలం బాల్‌పెన్ను. మార్కర్ సిరా తోలులోకి ఇంకి ఏళ్ళు గడిచేకొద్దీ పక్కలకు పాకుతుంది, గీతలు ఉబ్బి అక్షరాలు మసకబారతాయి. బాల్‌పెన్ను మొన తోలు మీద చిన్న గాడి చేస్తూ వెళ్తుంది. రంగు కొంత వెలిసినా గాడి మిగులుతుంది. క్రికెట్ అభిమానులకు ఇది కొత్తగా అనిపించవచ్చు. ఎర్రటి క్రికెట్ బంతి మీద సిరా సరిగా కనబడదు కనుక మన దగ్గర సంతకాలు ఎక్కువగా బ్యాట్ల మీదికి వెళ్ళాయి. బేస్‌బాల్ తెల్లటి తోలు మాత్రం రాయడానికే పుట్టినట్టుంటుంది.

మూడో సాక్షి చేతిరాత. ఇది అన్నిటికంటే కష్టమైనది, ఎందుకంటే మనిషి చెయ్యి ఒక్క తీరుగా ఉండదు. రూత్ 1920ల్లో చేసిన సంతకాల్లో ‘బేబ్’ అనే మాటకు రెండు పక్కలా కోట్ గుర్తులు పెట్టేవాడు, అది ముద్దుపేరు కనుక. తరవాత అవి మానేశాడు. టెడ్ విలియమ్స్‌కు 1994లో పక్షవాతం వచ్చాక అక్షరాలు మారిపోయాయి. లూ గెరిగ్ 1941లో ప్రాణం తీసిన నరాల వ్యాధితో 1939 నుంచే పట్టు కోల్పోతూ వచ్చాడు. అలాంటి సంతకాన్ని పరీక్షించేవాళ్ళు అక్షరం అందాన్ని చూడరు, వేగాన్ని చూస్తారు. సొంత పేరు రాసుకునేవాడి చెయ్యి ఆగదు. ఇంకొకరి పేరు గీసేవాడి చెయ్యి మలుపు దగ్గర తడబడుతుంది, కలం ఎత్తి మళ్ళీ పెట్టిన జాడ ఉంటుంది.

దొంగతనం కాని అబద్ధం కూడా ఒకటుంది. జట్టు మొత్తం సంతకాలు పెట్టిన బంతులకు ఒకప్పుడు చాలా గిరాకీ. పెద్ద ఆటగాళ్ళకు రోజూ డజన్ల కొద్దీ బంతుల మీద రాసే ఓపిక లేక డ్రెస్సింగ్ రూమ్ సహాయకులే వాళ్ళ పేర్లు రాసేసేవారు. వీటిని క్లబ్‌హౌస్ సంతకాలు అంటారు. మోసం చేయాలని రాసినవి కావు అవి, అభిమాని ఊరికే వెళ్ళకూడదని రాసినవి. కానీ బంతి అదే కాలానిది, సిరా అదే కాలానిది, అదే గదిలో రాసింది. మొదటి ఇద్దరు సాక్షులూ నిజం చెబుతుంటే మూడోవాడు మాత్రమే తప్పు చెబుతాడు. ఇరవై అసలు సంతకాల మధ్య జట్టులోని పెద్ద ఆటగాడు మిక్కీ మాంటిల్ పేరు ఒక్కటే సహాయకుడిదైతే ఆ బంతి ధర బాగా పడిపోతుంది. తాతగారు స్వయంగా స్టేడియం నుంచి తెచ్చుకున్నదే అయినా అంతే. ఇలాంటి ఇళ్ళలోవాళ్ళు తమను ఎవరో మోసగాళ్ళంటున్నారని బాధపడతారు. నిజానికి అక్కడ మోసగాడెవరూ లేడు.

ముగ్గురు సాక్షులూ కలిశారు, సంతకం అసలుదే అని తేలింది. అప్పుడు పేరు, అరుదు అనే మాటలు వస్తాయి. ఇక్కడ చాలామంది పొరబడేది అరుదు విషయంలోనే. తక్కువ దొరికేదానికే ఎక్కువ ధర అన్న సూత్రం ఇక్కడ సూటిగా పనిచేయదు. రూత్ పిసినారితనం లేకుండా సంతకాలు చేసిన మనిషి. పిల్లలు చుట్టుముడితే ఉన్నచోటే నిలబడి రాసేవాడు. అతని బంతులు వేలల్లో ఉన్నాయి. అయినా అతని ధరను అందుకోగలవాళ్ళు చాలా కొద్దిమంది. ఎందుకంటే బేస్‌బాల్ సేకరణ మొదలుపెట్టిన ప్రతివాడికీ జీవితంలో ఒక్క రూత్ బంతి కావాలి. ఉన్నవి వేలు, కావాలనేవాళ్ళు అంతకు ఎన్నో రెట్లు.

రెండో కొసన షూలెస్ జో జాక్సన్ ఉన్నాడు. 1919 ప్రపంచ సిరీస్‌ను అమ్మేశారన్న కుంభకోణంలో ఆటకు శాశ్వతంగా దూరమైనవాడు. చదువు రాదు. తన పేరు కూడా బొమ్మ గీసినట్టు కష్టపడి గీసేవాడు. ఉత్తరాలు వస్తే అతని తరఫున భార్య కేటీ సంతకం పెట్టేది. అందుకే అతని స్వహస్తం నిజంగా అరుదు. అతను సంతకం చేసిన 1911 నాటి ఫొటో ఒకటి 2021లో వేలంలో 14.7 లక్షల డాలర్లకు వెళ్ళింది. ఆ గీతల్లో ఒక పల్లెటూరి మిల్లు కార్మికుడి చెయ్యి పడిన కష్టం కనబడుతుంది. డబ్బు అరుదుకు ఇచ్చారని లెక్క చెప్పవచ్చు. ఆ కష్టానికి ఇచ్చారని అన్నా తప్పు కాదు.

మూడో ఉదాహరణ పీట్ రోజ్. 4,256 హిట్లతో ఎవరూ అందుకోని రికార్డు. పందేలు కాశాడని 1989లో ఆట నుంచి వెలి వేశారు. తరవాత ఏళ్ళ తరబడి లాస్ వేగాస్‌లో దుకాణాల్లో కూర్చుని వచ్చినవాళ్ళకు డబ్బు తీసుకుని సంతకాలు చేస్తూ వచ్చాడు. ‘పందెం కాసినందుకు క్షమించండి’ అని కూడా బంతుల మీద రాసిచ్చాడు. ఆటలో అంత ఎత్తున్న మనిషి సంతకం సామాన్యుడి జేబుకు అందేంత చవకగా ఉండిపోవడానికి కారణం అదే. సరుకు ఎప్పుడూ తరగలేదు.

వీళ్ళందరికంటే ఆసక్తికరమైనది మాంటిల్ సంగతి. ఇక్కడ ఒకే పేరుకు రెండు ధరలు కనబడతాయి. 1980ల్లో ఆటగాళ్ళ బొమ్మలున్న కార్డుల ప్రదర్శనలు పెద్ద వ్యాపారమయ్యాక మాజీ ఆటగాళ్ళు హోటల్ హాళ్ళలో బల్లల ముందు కూర్చుని వరసగా వందల బంతుల మీద సంతకాలు చేశారు. మాంటిల్, డిమాజియో, విలియమ్స్ అందరూ చేశారు. తెల్లగా మెరిసే బంతి, చక్కటి నీలం బాల్‌పెన్ను, స్పష్టమైన అక్షరాలు. ఇవి అందంగా ఉంటాయి, బాగా దొరుకుతాయి. మాంటిల్ 1950ల్లో, ఇంకా తన జట్టు న్యూయార్క్ యాంకీల చొక్కా ఒంటి మీదుండగా, మైదానం కంచె దగ్గర హడావుడిగా రాసిన బంతి అంత శుభ్రంగా ఉండదు. అయినా సేకర్తలు దాని కోసమే ఎక్కువ ఇస్తారు. సంతకం ఆ ఆట ఆడుతున్న చెయ్యి నుంచి వచ్చింది, ఆట అయిపోయాక బల్ల ముందు కూర్చున్న చెయ్యి నుంచి కాదు. ఆ తేడాను కూడా బంతి మీది ముద్రే పట్టిస్తుంది. హారిడ్జ్ లేక క్రోనిన్ పేరుంటే ఆడిన రోజులది కావచ్చు, 1984 నుంచి 1994 మధ్య వాడిన బాబీ బ్రౌన్ పేరుంటే ప్రదర్శనల కాలానిది. ఈ బాబీ బ్రౌన్ ఒకప్పుడు మాంటిల్‌తో పాటు యాంకీలకు ఆడినవాడే, తరవాత గుండె డాక్టరయ్యాడు. పాత సహచరులిద్దరి పేర్లు, ఒకటి అచ్చులో, ఒకటి సిరాలో, ఒకే బంతి మీద చూడటం ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ ముచ్చట ధరను పెంచదు.

బంతి మీద సంతకం ఎక్కడుంది అన్నది కూడా చాలా పెద్ద విషయం. కుట్లు అన్నిటికంటే దగ్గరగా వచ్చే సన్నటి చోటును స్వీట్ స్పాట్ అంటారు. ఒక్క పేరు పట్టేంత జాగా, రెండు వైపులా ఎర్రటి కుట్లు హద్దు కట్టినట్టుంటాయి. ఒక్కరే సంతకం చేసిన బంతికి ఆ చోటే సింహాసనం. జట్టు బంతుల్లో దాన్ని మేనేజరుకు వదిలేయడం ఆనవాయితీ. అదే పేరు పక్క పలకల మీద ఉంటే ధర గణనీయంగా తగ్గుతుంది. కారణం చూపు తప్ప ఇంకేమీ కాదు. గాజు పెట్టెలో పెట్టినప్పుడు ఎటు నుంచి చూసినా ఆ పేరు నిండుగా కనబడాలి.

పేరుతో పాటు రాసిన మాటలు ధరను పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఆటగాడు తన హోమ్‌రన్ల లెక్కో, హాల్ ఆఫ్ ఫేమ్‌కు (ఆటలోని గొప్పవాళ్ళ గౌరవ మందిరానికి) ఎన్నికైన ఏడాదో రాస్తే సాధారణంగా పెరుగుతుంది. ‘ఫలానా బాబుకు శుభాకాంక్షలతో’ అని రాస్తే తగ్గుతుంది, ఎందుకంటే కొనేవాడి పేరు అది కాదు. చాలా పాత సంతకాల్లో మాత్రం ఈ లెక్క కొంచెం తిరగబడుతుంది. ఎవరి కోసం, ఎప్పుడు రాశాడో తెలిసే మాట అక్కడ ఇంకో సాక్ష్యంగా పనికొస్తుంది.

ఇక పరిస్థితి. అంటే బంతి ఎంత బాగా నిలిచింది అన్నది. సంతకాలను పరీక్షించే పీఎస్‌ఏ లాంటి సంస్థలు బంతికీ సంతకానికీ ఒకటి నుంచి పది దాకా మార్కులు వేస్తాయి. పాత బంతుల్లో పైమెట్టుకు చేరేవి చాలా తక్కువ, అందుకే చివరి ఒకటి రెండు మార్కుల దగ్గర ధర ఒక్కసారిగా ఎగబాకుతుంది. రూత్ బంతులు వేలున్నా, తెల్లగా, సిరా నల్లబడకుండా, వెలవకుండా నిలిచినవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఇందాక అరుదు గురించి అన్న మాటకు అసలు జవాబు ఇదే. అరుదైనది రూత్ సంతకం కాదు, చెక్కుచెదరని రూత్ సంతకం.

బంతిని పాడుచేసినవి ఎక్కువగా ప్రేమతో చేసిన పనులే కావడం విచారకరం. సంతకం చెరిగిపోకూడదని ఒకప్పుడు ఇంట్లోవాళ్ళు బంతికి షెల్లాక్ పూసేవారు. లక్క నుంచి తీసే ఆ వార్నిష్‌నే మన వడ్రంగులు బల్లలకూ బీరువాలకూ పాలిష్ పెడతారు. కొత్తలో అది మిలమిలలాడింది. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు గడిచేసరికి బంతి మొత్తం బెల్లం రంగుకు తిరిగింది, అక్షరాలు ఆ పాకం కింద మునిగిపోయినట్టయ్యాయి. మరికొందరు గర్వంగా కిటికీ పక్కన అల్మరాలో పెట్టారు. ఎండ కన్ను పడిన వైపు సంతకం నీటిలో కడిగినట్టు పాలిపోయింది. ఇంకొందరు వచ్చినవాళ్ళందరి చేతికీ ఇచ్చి చూపించారు. చేతుల జిడ్డు తోలులోకి దిగి మచ్చలు కట్టింది. పెట్టెలో, చీకట్లో, గుడ్డలో చుట్టి మర్చిపోయిన బంతే బాగా బతికింది. ఇలా పాడైన బంతిని చూసి నవ్వడానికి మనసు రాదు. దాన్ని అలా చేసినవాళ్ళకు దాని మీద అందరికంటే ఎక్కువ మక్కువ ఉండేది.

ఈ ధరలు పెరిగేకొద్దీ దొంగ సంతకాల పరిశ్రమ కూడా పెరిగింది. 1990ల్లో అది ఎంతకు పోయిందంటే, శాన్ డియాగో జట్టు గొప్ప ఆటగాడు టోనీ గ్విన్ తన జట్టు దుకాణంలోనే తను చేయని సంతకాలు తన పేరుతో అమ్మకానికి ఉండటం చూశాడు. ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో రహస్యంగా విచారణ నడిపి 1999 అక్టోబరులో పలు చోట్ల సోదాలు చేసింది. పట్టుకున్న సరుకులో మదర్ థెరీసా సంతకం చేసినట్టు చూపిన బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయి. కోల్‌కతాలో జీవితమంతా రోగుల మధ్య గడిపిన ఆవిడ పేరును కూడా వాళ్ళు ఒక తోలు బంతి మీద గీసి అమ్మారు. కొన్నవాళ్ళున్నారు కాబట్టే అమ్మారు. పేరు ఎంత పెద్దదైతే ప్రశ్న వేయాలన్న ఆలోచన అంత వెనక్కిపోతుందని ఆ ఒక్క బంతి చూస్తే అర్థమవుతుంది.

ఆ అనుభవం నుంచే 2001లో ప్రధాన లీగులు సొంత ధ్రువీకరణ పథకం పెట్టాయి. పోలీసు శాఖల్లో పనిచేస్తున్న, చేసి రిటైరైన మనుషులు మైదానంలో కూర్చుంటారు. బంతి వాడటం లేక సంతకం చేయడం కళ్ళారా చూస్తేనే దానికి అంకె ఉన్న హోలోగ్రామ్ అంటిస్తారు. చూడనిదానికి అంటించరు. ఎవరు అడిగినా అంతే. ఇది ఈ రంగంలో వచ్చిన అతి పెద్ద మార్పు. 2001 తరవాతి సంతకానికి ప్రత్యక్ష సాక్షి ఉండే అవకాశముంది. అంతకు ముందువాటికి పీఎస్‌ఏ, జేఎస్‌ఏ, బెకెట్ లాంటి సంస్థల నిపుణుల అభిప్రాయమే దిక్కు. అభిప్రాయం ఎంత గట్టిదైనా అభిప్రాయమే. అమ్మేవాడే తన సరుకుకు తనే రాసి ఇచ్చే ‘అసలుదే’ అనే కాగితానికి మాత్రం ఆ కాగితం ఖరీదు కూడా ఉండదు.

ఇంతా చెప్పాక ఒక విషయం మిగులుతుంది. వేలంలో అన్నిటికంటే ఎక్కువ ధర పలికిన బంతులు సంతకాల వల్ల ఆ ధరకు చేరలేదు. 2024లో షోహెయ్ ఓటానీ ఒకే సీజన్‌లో 50 హోమ్‌రన్లు, 50 బేస్ దొంగతనాలు (బంతిని కొట్టకుండానే పరుగెత్తి తరవాతి బేస్ చేరడం) పూర్తిచేసిన బంతి దాదాపు 43.9 లక్షల డాలర్లకు అమ్ముడైంది. 1998లో మార్క్ మెగ్వైర్ కొట్టిన 70వ హోమ్‌రన్ బంతి 1999లో 30 లక్షల డాలర్లు దాటింది. అక్కడ డబ్బు ఇచ్చింది ఆ క్షణానికి, చేతిరాతకు కాదు. మెగ్వైర్ తను స్టెరాయిడ్లు వాడినట్టు 2010లో ఒప్పుకున్నాడు. హాల్ ఆఫ్ ఫేమ్ తలుపు తెరుచుకోని ఆ తరం ఆటగాళ్ళ సంతకాల ధరలు ఒకప్పటి ఊపు నుంచి జారిపోయాయి. ఆటగాడి పేరుకు మచ్చపడితే సిరాకూ పడుతుంది. రూత్, క్లెమెంటే లాంటివాళ్ళ ధరలు నిలకడగా ఉండటానికి ఒక కారణం వాళ్ళ కథలు పూర్తయిపోవడం. వాటిలో ఇక మారేదేమీ లేదు.

క్షణం, సంతకం రెండూ ఒకే బంతి మీద కలిసిన సందర్భాలు తక్కువ. వాటిలో అన్నిటికంటే చెప్పుకోదగ్గది 1939 జూన్ 12 నాటిది. న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో ఆ రోజు బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ తెరిచారు. అప్పటిదాకా ఎన్నికైనవాళ్ళలో బతికున్న 11 మంది వచ్చారు. ఆ సందర్భంగా ఒక ప్రదర్శన మ్యాచ్ ఆడటానికి వచ్చిన ఆటగాళ్ళలో చికాగో వైట్ సాక్స్‌కు చెందిన మార్వ్ ఓవెన్ ఒకడు. అతను ఒక బంతి పట్టుకుని ఆ పెద్దలందరి దగ్గరకూ వెళ్ళాడు. రూత్, హోనస్ వాగ్నర్, సై యంగ్, వాల్టర్ జాన్సన్, ట్రిస్ స్పీకర్, నాప్ లాజొయ్, ఎడ్డీ కాలిన్స్, జార్జ్ సిస్లర్, గ్రోవర్ అలెగ్జాండర్, కానీ మాక్, టై కాబ్. ఒక్కరి పేరూ తప్పలేదు. 2018లో ఆ బంతి 6,23,369 డాలర్లకు అమ్ముడైంది.

ఆ రోజు తీసిన ఫొటో ఇప్పటికీ అన్ని చోట్లా కనబడుతుంది. అందులో పది మందే ఉంటారు. కాబ్ ఆలస్యంగా చేరుకున్నాడు, అప్పటికే ఫొటో తీయడం అయిపోయింది. బంతి మీద మాత్రం 11 పేర్లున్నాయి.